చోటు మారిన ఫంక్షన్‌కు పాత పేరు సరిపోతుందా?

ప్రశ్న:

నమస్కారమండీ. నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. మాది వాహన బీమా పాలసీల రెన్యువల్ సాఫ్ట్‌వేర్. జావాలో రాసింది, మొదలై పదేళ్లు దాటింది. అందులో నాలుగు వేల లైన్ల క్లాసు (ఫంక్షన్లను ఒకచోట కట్టగట్టిన కోడ్) ఒకటి ఉంది. దాన్ని విడగొట్టి మాడ్యూళ్లుగా సర్దే పని ఈ మధ్య నాకు అప్పగించారు. మా లీడ్ గారు ఒక షరతు పెట్టారు: "కోడ్‌ను ఇక్కడి నుంచి అక్కడికి జరపండి, అంతే. పేర్ల జోలికి వెళ్లవద్దు. పేర్లు మారిస్తే గిట్‌లో హిస్టరీ పోతుంది, రివ్యూ చేయడం మా వల్ల కాదు." గిట్ మా కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్.

కానీ ఆ పేర్లు చూస్తూ ఊరుకోలేకపోతున్నాను. ‘చెక్‌టీఎస్’ అనే ఫంక్షన్ (పేరు పెట్టి పిలిచే కోడ్ ముక్క) లోపల టీజీ బండ్లను కూడా చూస్తోంది. పక్క ఫైల్లో ‘చెక్‌టీజీ’ అని మరొకటి ఉంది. రెండింటినీ ప్రీమియం లెక్కలో జోన్ తేల్చడానికి పిలుస్తున్నారు. ‘వ్యాలిడేట్‌పాలసీ’ సరిచూడడంతో ఆగకుండా డేటాబేస్‌లో రాస్తోంది. ‘ప్రాసెస్‌న్యూ2’ ఏమి చేస్తుందో మా బృందంలో ఎవరూ చెప్పలేకపోయారు. నేను చదివినంతలో పాత పాలసీని వెతకడం, బోనస్ లెక్కకట్టడం, కస్టమర్‌కు ఎస్సెమ్మెస్ పంపడం కనిపించాయి. ఒక రివ్యూలో పేరు మార్చమని రాస్తే "అది నీ అభిరుచి" అని తోసిపుచ్చారు.

ఇంకో మాట. పదో తరగతి వరకు నల్గొండ జిల్లాలో తెలుగు మీడియంలో చదువుకున్నాను. మంచి ఇంగ్లీషు పేరు సూచించాలంటే నోరు రాదు. కోడ్ సర్దేటప్పుడు పేర్లు కూడా చూడాలా? చూస్తే ఎలా చూడాలి? నాలాంటివాళ్లు పేరు పెట్టగలరా?

— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు:

చూడాలి. కోడ్ సర్దుతున్నప్పుడే చూడాలి. తర్వాత తీరిగ్గా చూద్దామని వదిలేసిన పేర్లకు ఆ తీరిక రావడం నా ఇరవై ఏళ్ల ఉద్యోగంలో చాలా అరుదుగా చూశాను. అయితే మీ లీడ్ గారి భయం అర్థం లేనిది కాదు. దానికి కూడా జవాబు చెబుతాను. ముందు అసలు విషయం.

పేరుకు సగం అర్థం దాని అక్షరాల్లో ఉంటే మిగతా సగం అది ఉన్న చోటు నుంచి వస్తుంది. మన ఇళ్లలో చూడండి. ఇంట్లో ‘పెద్దమ్మ పిలుస్తోంది’ అంటే చాలు, ఎవరో అందరికీ తెలుసు. అదే మాట పెళ్లి మండపంలో అంటే నలుగురు పెద్దమ్మల పిల్లలూ తిరిగి చూస్తారు. అక్కడ ‘మిర్యాలగూడ పెద్దమ్మ’ అనాల్సిందే. మళ్లీ మిర్యాలగూడలో ఆమె గుమ్మం ముందు నిలబడి ‘మిర్యాలగూడ పెద్దమ్మా’ అని ఎవరూ పిలవరు. మనిషి మారలేదు, చోటు మారింది, పిలుపు మారింది.

మీరిప్పుడు చేస్తున్నది చోట్లు మార్చే పనే. రెన్యువల్ కోడ్ మధ్యలో ‘గెట్‌బోనస్’ అనే ఫంక్షన్ ఉన్నంత కాలం అది నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనివారికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) అని చదివినవారికి తెలుస్తూనే ఉంటుంది. దాన్ని తీసి అందరూ వాడుకునే ఉమ్మడి మాడ్యూల్‌లో పెట్టగానే, ఏజెంట్ల కమిషన్ కోడ్ రాసే వ్యక్తి అది తనకు కావలసిన బోనస్ అనుకోవచ్చు. దీనికి తిరగేసినదీ జరుగుతుంది. ‘క్యాలిక్యులేట్‌ప్రీమియం’ను ప్రీమియం పేరుతో ఉన్న క్లాసులోకి జరిపితే, పిలిచిన ప్రతిచోటా ప్రీమియం అన్న మాట రెండుసార్లు వినిపిస్తుంది. మొదటిది ప్రమాదం, రెండవది వట్టి బరువు. మొదటిదాన్ని తప్పకుండా సరిచేయండి. రెండవదానికి సమయం ఉంటే చేయండి.

ఇక మీ చివరి ప్రశ్న. నాకు అదే అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది, అందుకే దాన్ని ముందుకు తెస్తున్నాను. ఇంగ్లీషు టకటకా రావడానికీ మంచి ఫంక్షన్ పేరు పెట్టడానికీ సంబంధం చాలా తక్కువ. పేరు పెట్టడంలో కష్టమంతా ఆ ఫంక్షన్ ఏమి చేస్తోందో ఉన్నది ఉన్నట్టు చెప్పగలగడంలో ఉంది. ఆ పనికి మీరు తొమ్మిది, పది తరగతుల్లో చదువుకున్న తెలుగు వ్యాకరణం చక్కగా పనికొస్తుంది. క్త్వార్థకం, చేదర్థకం, శత్రర్థకం గుర్తున్నాయా? అసమాపక క్రియలు. ‘చేసి’, ‘చేస్తే’, ‘చేస్తూ’.

పేరు గురించి ఆలోచించే ముందు, ఆ ఫంక్షన్ చేసే పనిని ఒక్క తెలుగు వాక్యంలో కాగితం మీద రాయండి. కోడ్ చూసి రాయాలి, పేరు చూసి కాదు. మీ ‘వ్యాలిడేట్‌పాలసీ’కి వాక్యం ఇలా వస్తుందనుకుంటాను: "పాలసీ వివరాలు సరిచూసి, తప్పులుంటే దాని స్థితిని మార్చి, డేటాబేస్‌లో భద్రపరుస్తుంది." ఇప్పుడు అసమాపక క్రియల కింద గీత గీయండి. సరిచూసి, మార్చి అనే రెండు క్త్వార్థకాలు, ఉంటే అనే ఒక చేదర్థకం కనిపిస్తాయి. ఒక్కో క్త్వార్థకం ఒక్కో పనికి గుర్తు, చివరి ‘భద్రపరుస్తుంది’ ఇంకో పని. అంటే ఇక్కడ ఒక పేరు కింద మూడు పనులున్నాయి. పేరు వాటిలో మొదటిదాన్నే ఒప్పుకుంటోంది. ఇంటి పేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్న సామెత ఇలాంటి ఇళ్లను చూసే పుట్టింది. సరిచూడడం అని నమ్మి ఎవరో దీన్ని ఒక రిపోర్టు నుంచి పిలుస్తారు. రిపోర్టు తీసిన పాపానికి పాలసీల స్థితి మారిపోతుంది.

చేదర్థకం ఉంటే ఆ షరతు పేరులో కనిపించాలా వద్దా అని ఆలోచించాలి. "గడువు దగ్గర పడితే గుర్తుచేస్తుంది" అని వాక్యం వస్తే, ‘సెండ్‌రిమైండర్’ అనే పేరు చాలదు. పిలిచిన ప్రతిసారీ రిమైండర్ వెళుతుందని అది మాట ఇస్తోంది. ‘సెండ్‌రిమైండర్‌ఇఫ్‌డ్యూ’ అంటే నిజం చెప్పినట్టవుతుంది. లేదా గడువు చూసే పనిని బయటికి తీసి, పిలిచేవారికే వదిలేయవచ్చు.

మూడింటిలోకీ నేను ఎక్కువ భయపడేది శత్రర్థకానికి. "ప్రీమియం లెక్కకడుతూ ఆ వివరాలు కస్టమర్‌కు పంపుతుంది." ఆ ‘కడుతూ’ ఉన్నచోట పేరు ఒక పనిని చెప్పి, రెండవది దాని చాటున జరిగిపోతుంది. తెరమీద చూపించడానికి ఒకసారి, కాగితం మీద ముద్రించడానికి ఒకసారి లెక్కకట్టమని పిలిస్తే కస్టమర్‌కు రెండు సందేశాలు వెళతాయి. అలాంటి ఫంక్షన్‌కు ఎంత మంచి పేరు వెతికినా లాభం లేదు, విడగొట్టాల్సిందే.

వాక్యం చివర ప్రశ్నార్థకమైన ‘ఆ’ వచ్చిందంటే, అంటే "గడువు దాటిందా", "క్లెయిమ్ ఉందా" అని పూర్తయిందంటే, అది అవును కాదు అని జవాబు చెప్పే ఫంక్షన్. దానికి ‘ఈజ్’, ‘హ్యాజ్’ లాంటి మాటతో మొదలయ్యే పేరు నప్పుతుంది. గడువు దాటిందా అని అడిగితే జవాబు వస్తే చాలు, అడిగిన కారణంగా పాలసీలో ఏదీ మారకూడదు. ‘ఈజ్‌నాట్‌ఇన్‌యాక్టివ్’ వంటి పేరు కనబడితే తెలుగులో పలికి చూడండి: "అమలులో లేకుండా లేదా?" ఈ ప్రశ్న ఇంట్లో ఎవరినైనా అడిగితే జవాబు చెప్పే ముందు ఒక నిమిషం ఆగుతారు. కోడ్ చదివేవారు కూడా అంతే.

వాక్యంలో ఒకే ఒక్క సమాపక క్రియ మిగిలిందా? అప్పుడు ఇంగ్లీషు మాట దానంతట అదే దొరుకుతుంది. తెలుగులో మనం వెతకడం, తెప్పించడం, లెక్కకట్టడం, తయారుచేయడం అని వేరువేరుగా అంటాం. వెతికితే దొరకకపోవచ్చు. తెప్పించాలంటే సమయం పడుతుంది, దారిలో ఏదైనా కావచ్చు. లెక్కకట్టడానికి బయటికి వెళ్లనవసరం లేదు. పాత కోడ్‌లో వీటన్నిటినీ కలిపి ‘గెట్’ అనేసి ఉంటారు. మీరు క్రియను తెలుగులో తేల్చుకుంటే ‘ఫైండ్’, ‘ఫెచ్’, ‘క్యాలిక్యులేట్’, ‘బిల్డ్’లలో ఏది రావాలో ఇబ్బంది ఉండదు. ఈ నాలుగు మాటలకు బృందం మొత్తం ఒకే అర్థం ఒప్పుకుని ఒక చోట రాసిపెట్టుకుంటే ఇంకా మంచిది.

నామవాచకాల కోసం కూడా నిఘంటువు తిరగేయనక్కరలేదు. బీమా పనిచేసేవారి నోట అవి సిద్ధంగా ఉన్నాయి. అమలులో ఉన్న పాలసీలో చిరునామా మార్చడాన్ని వాళ్లు ‘అప్‌డేట్’ అనరు, ఎండార్స్‌మెంట్ అంటారు. గడువు దాటాక రెన్యువల్‌కు వచ్చినదాన్ని బ్రేక్ ఇన్ కేసు అంటారు. గడువు ముగిసి 90 రోజులు కూడా దాటితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. కోడ్‌లో మాత్రం ‘అప్‌డేట్‌పాలసీ’, ‘ఓల్డ్‌పాలసీచెక్’ అని ఉంటాయి. ఒక మధ్యాహ్నం, పాలసీ ఇవ్వాలా వద్దా అని తేల్చే మీ అండర్‌రైటింగ్ వాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు ఫోన్లో వాడే మాటలు రాసుకోండి. ఆ మాటలు పేర్లలోకి వచ్చినప్పుడు, వాళ్లు చెప్పిన సమస్య కోడ్‌లో ఎక్కడుందో వెతకడం సగం తేలికవుతుంది.

కొలమానం కూడా పేరులో ఉండాలి. నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతం, ఆపైన 25, 35, 45, వరుసగా ఐదేళ్లు లేకపోతే 50 శాతం. ‘గెట్‌ఎన్‌సీబీ’ 20 అని తిరిగి ఇస్తే అది శాతమా, రూపాయలా? 0.2 అని ఇస్తుందేమో కూడా. పైగా ఆ తగ్గింపు సొంత బండి నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే, ఎదుటివారి నష్టానికి కట్టే థర్డ్ పార్టీ భాగానికి లేదు. ‘ఎన్‌సీబీపర్సెంట్’ అన్న చిన్న మార్పుతో పిలిచేవారి సందేహాల్లో పెద్దది తీరిపోతుంది.

పేరు అబద్ధం చెబితే ఏమవుతుందో చెప్పడానికి నాకు తెలిసినంతలో మంచి ఉదాహరణ జావా తేదీ క్లాసులోని ‘గెట్‌ఇయర్’. అది సంవత్సరాన్ని ఇవ్వదు, సంవత్సరం నుంచి 1900 తీసేసిన సంఖ్యను ఇస్తుంది. 2025కు 125 వస్తుంది. 1995లో వచ్చిన జావాస్క్రిప్ట్ కూడా అదే పద్ధతిని తీసుకుంది. 97, 98 అని వస్తుంటే చాలామంది ముందు 19 అతికించి పేజీల మీద చూపించారు. 2000 సంవత్సరం రాగానే అలాంటి పేజీల్లో 19100 అని కనిపించింది. జావాస్క్రిప్ట్‌లో దాన్ని ఎలా దిద్దారో గమనించండి. పాత పేరుకు కొత్త అర్థం ఇవ్వలేదు. ‘గెట్‌ఫుల్‌ఇయర్’ అని కొత్త పేరుతో కొత్త ఫంక్షన్ ఇచ్చి, పాతదాన్ని పాత ప్రవర్తనతోనే ఉంచేశారు. దాని మీద ఆధారపడిన కోడ్ ఎక్కడెక్కడ ఉందో ఎవరికీ లెక్క తెలియదు కాబట్టి వేరే దారి లేదు.

ఇప్పుడు మీ ‘చెక్‌టీఎస్’ దగ్గరికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది అదే. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక వాహనాలకు టీఎస్ వచ్చింది. 2024 మార్చిలో కొత్త రిజిస్ట్రేషన్లకు టీజీ వచ్చింది. టీఎస్ బండ్లు టీఎస్‌గానే తిరుగుతున్నాయి. 2014కు ముందు హైదరాబాద్‌లో రిజిస్టరైన ఏపీ 09 బండ్లు ఇప్పటికీ మన సిగ్నళ్ల దగ్గర కనిపిస్తాయి. 2021లో వచ్చిన భారత్ సిరీస్ నంబరు అసలు రాష్ట్రం అక్షరాలతో మొదలే కాదు. ఆ ఫంక్షన్ రాసిన వ్యక్తి అది ఎలా పని చేస్తుందో దాన్నే పేరుగా పెట్టారు: మొదటి రెండు అక్షరాలు టీఎస్ కావడం. ఎందుకు పని చేస్తుందో పెట్టలేదు. టీజీ వచ్చిన రోజున ఒకరు లోపలికి వెళ్లి షరతు చేర్చారు, పేరు వదిలేశారు. మరొకరు ఆ పేరు చూసి, టీజీకి లేదు కాబోలు అనుకుని రెండవ ఫంక్షన్ రాశారు. ఇద్దరిలో ఎవరినీ నేను తప్పు పట్టను. పేరు ఇద్దరినీ తప్పుదారి పట్టించింది.

‘ఈజ్‌తెలంగాణావెహికల్’ అని మారిస్తే సరిపోతుందా? మీరు రాసిన మరో మాట లేకపోతే సరేననేవాడిని. దాన్ని జోన్ తేల్చడానికి పిలుస్తున్నారన్నారు. పేరును ఎప్పుడూ పిలిచే చోట చదవాలి. ఫంక్షన్ లోపల చదివితే ప్రతి పేరూ సబబుగానే ఉంటుంది, కోడ్ కళ్లముందే ఉంటుంది కాబట్టి. మోటారు టారిఫ్‌లో ప్రైవేటు కార్లకు ఉన్నవి రెండు జోన్లు. హైదరాబాద్ సహా ఎనిమిది మహానగరాలు జోన్ ఏ, మిగతా దేశమంతా జోన్ బీ. పిలిచేవారు అడుగుతున్నది ఈ బండి తెలంగాణదా అని కాదు, జోన్ ఏ బండా అని. మీ నల్గొండ కారు, టీఎస్ 05, తెలంగాణదే కానీ జోన్ బీ. రెండక్షరాలు మాత్రమే చూసి జోన్ తేల్చుతుంటే ఆ కారుకు హైదరాబాద్ లెక్క పడుతూ ఉండవచ్చు. వెంటనే వెళ్లి చూడండి. ఆ తర్వాత ఇంకెక్కడైనా సరిచేసే కోడ్ ఉందేమో కూడా చూడండి. పేర్లు సమీక్షించేటప్పుడు ఇలాంటి తప్పులు బయటపడడం నాకు కొత్త కాదు. సరైన పేరు వెతుకుతూ పోతే, ఏ పేరూ అతకని చోట తరచుగా ఒక బగ్ ఉంటుంది.

కానీ దాన్ని అప్పటికప్పుడు దిద్దవద్దు. ఇక్కడే మీ లీడ్ గారి మాటకు వస్తాను.

ఆయన చూసిన పుల్ రిక్వెస్టులు (రివ్యూ కోసం పంపే కోడ్ మార్పులు) ఎలాంటివో ఊహించగలను: ఫైళ్లు జరిగి, పేర్లు మారి, మధ్యలో షరతులు కూడా మారి, అన్నీ ఒకే కమిట్‌లో, అంటే గిట్‌లో ఒక్కసారిగా నమోదుచేసే మార్పుల కట్టలో. అలాంటిది నిజంగానే రివ్యూ చేయలేము. గిట్ పేరు మార్పును ఎక్కడా నమోదు చేసుకోదు. మాయమైన ఫైలునూ కొత్తగా వచ్చిన ఫైలునూ పోల్చి, మామూలుగా సగం పైన ఒకేలా ఉంటే ఇది జరిగిన ఫైలని ఊహిస్తుంది. జరపడం, మార్చడం కలిపేస్తే ఆ ఊహ తప్పుతుంది, హిస్టరీ తెగినట్టు కనిపిస్తుంది. ఆయన భయానికి మూలం ఇది. దానికి మందు, పేర్ల జోలికి వెళ్లకపోవడం కాదు, పనులను విడదీయడం.

మొదటి కమిట్‌లో జరపడం మాత్రమే. ఒక్క అక్షరం మారకూడదు. గిట్ డిఫ్‌లో ‘కలర్ మూవ్డ్’ అనే ఆప్షన్ ఉంది. అది జరిగిన లైన్లను వేరే రంగులో చూపిస్తుంది. లైన్లన్నీ ఆ రంగులోనే ఉంటే రివ్యూ నిమిషాల్లో అయిపోతుంది. ఏ లైను ఎవరు రాశారో చూపే ‘బ్లేమ్’కు ‘సీ’ ఆప్షన్ ఇస్తే, అదే కమిట్‌లో మారిన వేరే ఫైలు నుంచి వచ్చిన లైన్లకు అసలు రాసిన వారిని చూపిస్తుంది. క్లాసును విడగొట్టే మీ పనికి సరిగ్గా కావలసింది అది. రెండవ కమిట్‌లో పేర్లు మాత్రమే, వీలైతే ఒక్కో పేరుకు ఒక్కో కమిట్. ఆ కమిట్ల సంఖ్యలను ఒక ఫైల్లో రాసిపెట్టి, బ్లేమ్‌ను వాటిని దాటి చూడమని చెప్పవచ్చు. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి ఆ వీలుంది. బగ్ దిద్దడం మూడవది, దానికి టెస్టు కూడా ఉండాలి. ఈ వరుసను ఒక చిన్న ఫంక్షన్ మీద చేసి మీ లీడ్ గారికి చూపించండి. వాదించడం కన్నా అది బాగా పని చేస్తుంది. చూశాక కూడా ఆయన ఇప్పుడు వద్దంటే, జరిపేటప్పుడు మీకు కనిపించిన పేర్లన్నిటినీ మీ తెలుగు వాక్యాలతో సహా జాబితా రాసి ఉంచండి. మళ్లీ అంత దగ్గరగా ఆ కోడ్‌ను ఎవరూ చదవరు.

పేరు మార్చేది చేత్తో కాదని, ఎడిటర్‌లోని టూల్‌తో అని మీకు తెలిసే ఉంటుంది. ఇంటెల్లిజేలో షిఫ్ట్ ఎఫ్6, వీఎస్ కోడ్‌లో ఎఫ్2. కానీ ఆ టూల్ కోడ్‌గా చూడగలిగినదాన్నే మారుస్తుంది. దాని కంటికి ఆనని చోట్లే కొంప ముంచుతాయి.

బేగంపేటలో ఒక ఆఫీసులో పనిచేసే రోజుల్లో నేను ‘గెట్‌కస్ట్‌నేమ్’ను ‘గెట్‌కస్టమర్‌నేమ్’ అని మార్చాను. కంపైల్ అయింది, టెస్టులన్నీ పాసయ్యాయి. మరునాడు ఉదయం ఫోన్ యాప్‌లో కస్టమర్ల పేర్లన్నీ ఖాళీగా ఉన్నాయని కాల్ సెంటర్ నుంచి కబురొచ్చింది. జావాలో జాక్సన్ లైబ్రరీ ఆ గెట్టర్ (విలువను తిరిగి ఇచ్చే ‘గెట్’ ఫంక్షన్) పేరు నుంచే, యాప్‌కు వెళ్లే జేసన్ డేటాలో ఆ విలువకు ఉండే కీ పేరును తయారుచేస్తుంది. నేను ఫంక్షన్ పేరు మార్చాననుకున్నాను, నిజానికి యాప్‌తో మాకున్న ఒప్పందాన్ని మార్చాను. పాత కీ పేరును ‘జేసన్‌ప్రాపర్టీ’ అనే అనొటేషన్‌తో కట్టి ఉంచి ఉంటే ఏమీ అయ్యేది కాదు. యాప్ తెరిచినవారికి ఆ పూట తమ పేరు కనిపించకపోవడం నా వల్లే జరిగింది. ఆ తర్వాత ఏ గెట్టర్‌ను ముట్టుకున్నా ముందు అది బయటికి వెళుతోందా అని చూస్తాను.

మీ ప్రాజెక్టులో డేటాబేస్‌తో మాట్లాడే స్ప్రింగ్ డేటా లైబ్రరీ వాడుతుంటే అక్కడ ఇంకో రకం. ‘ఫైండ్‌బైరిజిస్ట్రేషన్‌నంబర్’ అనే పేరే డేటాబేస్ ప్రశ్నగా మారుతుంది. అక్కడ పేరు ముట్టుకుంటే ప్రశ్నే మారుతుంది. కాకపోతే తప్పు రాస్తే అప్లికేషన్ మొదలయ్యేటప్పుడే ఆగిపోతుంది కాబట్టి తెలుస్తుంది. తెలియకుండా జరిగేది పైథాన్ టెస్టుల్లో: టెస్టులు నడిపే పైటెస్ట్ టూల్ మామూలుగా ‘టెస్ట్’తో మొదలయ్యే ఫంక్షన్లనే నడుపుతుంది. పేరు అందంగా మార్చి ఆ ముందుమాట తీసేస్తే టెస్టు ఫెయిల్ కాదు, అసలు నడవదు. వీటితో పాటు కాన్ఫిగరేషన్ ఫైళ్లు, పేరును స్ట్రింగ్‌గా ఇచ్చి పిలిచే చోట్లు, లాగ్‌లో ఆ పేరు కనబడితే మోగే అలారాలు కూడా ఉంటాయి. అందుకే టూల్ పని ముగిశాక పాత పేరును మొత్తం రిపాజిటరీలో (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే చోటు), పక్క బృందాల రిపాజిటరీల్లో కూడా మామూలు అక్షరాలుగా వెతకండి.

ఇతర బృందాలు వాడుకునే ఫంక్షన్ అయితే ఒక్కసారిగా మార్చే హక్కు మనకు లేదు. బొంబాయి 1995లో ముంబయి అయింది, విమానం టికెట్ మీద ఇప్పటికీ బీఓఎం అనే ఉంటుంది. కొత్త పేరుతో ఫంక్షన్ రాసి, పాత పేరు దాన్నే పిలిచేలా ఉంచండి. పాతదాని మీద ‘డెప్రికేటెడ్’ అని గుర్తు పెట్టండి. జావా 9 నుంచి అందులోనే ఎప్పటి నుంచి వద్దన్నారో, మున్ముందు తీసేస్తారా లేదా అన్నది కూడా రాయవచ్చు. తొందర పడవద్దు. పైథాన్ యూనిట్‌టెస్ట్‌లో ‘అసర్ట్‌ఈక్వల్స్’ అనే పేరు చివరి ‘ఎస్’ ఒక్కటి తీసి ‘అసర్ట్‌ఈక్వల్’గా ఉంచడానికి పదేళ్లకు పైగా పట్టింది. పాత పేరు 2023లో వచ్చిన 3.12లోనే పూర్తిగా పోయింది. మీ కంపెనీలో అంత కాలం పట్టదు, రెండు మూడు రిలీజులు చాలు. కానీ ఎప్పుడు తీసేస్తారో ముందే చెప్పాలి, చెప్పిన రోజున తీసేయాలి. లేకపోతే రెండు పేర్లూ శాశ్వతంగా ఉండిపోతాయి, ఇప్పుడు మీ చెక్‌టీఎస్, చెక్‌టీజీల్లాగా.

"అది నీ అభిరుచి" అన్నారని బాధపడ్డారు. ఆ మాట కొన్నిసార్లు నిజమే అవుతుంది కాబట్టి దానికి ఒక పరీక్ష పెట్టుకోండి. ఈ పేరు చదివినవారు ఏ తప్పు చేస్తారో ఒక్క వాక్యంలో చెప్పగలనా? చెప్పగలిగితే ఆ వాక్యాన్నే రివ్యూలో రాయండి. "ఈ పేరు బాగాలేదు, ఇలా మార్చండి" అని రాస్తే ఎదుటివారికి వినిపించేది మీ ఇష్టం. "ఇది సరిచూస్తుంది అనుకుని రిపోర్టు నుంచి పిలిస్తే పాలసీ స్థితి మారుతుంది, పేరులో అది తెలియాలి కదా?" అని అడిగితే వినిపించేది కోడ్‌లోని సమస్య. కొత్త పేరు మీరే చెప్పాలని కూడా లేదు. సమస్య స్పష్టంగా చెప్పారంటే కోడ్ రాసినవారే పేరు వెతుకుతారు. ఇంగ్లీషులో పక్కవారు మీకన్నా చురుకైతే ఆ చివరి మాట వాళ్లనే చెప్పనివ్వండి. తప్పు ఎక్కడుందో చూసింది మీరు. ఏ తప్పూ చెప్పలేకపోతే మాత్రం ఆ పేరును వదిలేయండి, మీకు నచ్చకపోయినా సరే. ‘రిమూవ్’ కన్నా ‘డిలీట్’ బాగుంటుందనే చర్చ మీద నా జీవితంలో చాలా మధ్యాహ్నాలు పోయాయి, ఒక్క కస్టమర్‌కూ దానివల్ల మేలు జరగలేదు.

మిగిలింది ‘ప్రాసెస్‌న్యూ2’. మీరు చెప్పినదాన్ని బట్టి వాక్యం రాస్తే ఇలా వస్తోంది: "పాత పాలసీని వెతికి, దొరికితే దాని బోనస్ లెక్కకట్టి, కస్టమర్‌కు ఎస్సెమ్మెస్ పంపుతుంది." దానికి పేరు వెతకవద్దు, ఇప్పుడు జరపనూ వద్దు. పాత క్లాసులోనే ఉండనివ్వండి. ముందు దాన్ని పిలిచేవారందరినీ జాబితా రాయండి. ఎస్సెమ్మెస్ కోసం పిలిచేవారెవరు, బోనస్ సంఖ్య కోసం మాత్రమే పిలిచేవారెవరు అని రెండుగా విడదీయండి. ‘ఫైండ్‌ప్రీవియస్‌పాలసీ’, ‘ఎన్‌సీబీపర్సెంట్’, ‘సెండ్‌రెన్యువల్‌ఎస్సెమ్మెస్’ అని మూడు ఫంక్షన్లు దాని లోపల నుంచే బయటికి తీయండి. ప్రాసెస్‌న్యూ2 ఆ మూడింటినీ వరుసగా పిలిచే మూడు నాలుగు లైన్లుగా మిగులుతుంది. బోనస్ కోసమే వచ్చేవారిని ఒక్కొక్కరినీ నేరుగా రెండవదాని దగ్గరికి పంపండి. అందరూ వెళ్లాక ప్రాసెస్‌న్యూ2ను ఇంకా ఎవరు పిలుస్తున్నారో చూసి, నాకు మళ్లీ ఉత్తరం రాయండి. అప్పుడు దాని పేరు గురించి మాట్లాడదాం.